ఇంజిన్‌కి నూనె పోసిన ఇంజినీరు

మాది శ్రీకూర్మం. ఊరి పేరు చెప్పగానే అందరూ గుడి గురించి, గుడిలో తాబేళ్ళ గురించి, రెండు ధ్వజస్తంభాల గురించి అడుగుతారు. నాకు మాత్రం మా ఊరు అనగానే ముందు గుర్తొచ్చేది తెల్లారుజామున మా వీధి చివర మా చిన్నాన్న లారీ స్టార్ట్ అయ్యే చప్పుడు. ఆ చప్పుడుకి ముందు ఇంకో పని ఉండేది. అది ఎవరికీ వినపడదు. చిన్నాన్న టార్చి లైటు పట్టుకుని, ఇంజిన్ పక్కనుంచి సన్నటి ఇనప పుల్ల బయటికి లాగి, పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికి దింపి, మళ్ళీ తీసి చూసేవాడు. ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ అది. దాని మీద రెండు గీతలుంటాయి. నూనె మరక పై గీతకీ కింది గీతకీ మధ్య ఉండాలి. అంతే. ఒక నిమిషం పని.

ఇంటర్ సెకండియర్ పరీక్షలు అయిపోయాక సెలవుల్లో సరదాగా చిన్నాన్నతో ఒక ట్రిప్పు వెళ్ళాను. ఉద్దానం కొబ్బరికాయల లోడు, రాయపూర్ వెళ్ళాలి. విజయనగరం దాటి, సాలూరులో రాత్రి ఆగాం. పొద్దున్న చిన్నాన్న టీ తాగడానికి వెళ్తూ నా చేతికి గుడ్డ ఇచ్చి, ఆయిల్ చూసి ఉంచమన్నాడు. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన వచ్చి చూశావా అని అడిగితే చూశాను, సరిపోయింది అని చెప్పేశాను. చెక్ చెయ్యకుండా ట్రూ అని రిటర్న్ చేసే ఫంక్షన్ లాగ.

సాలూరు దాటితే ఘాట్ రోడ్డు. లోడు బండి, ఎదురెక్కుడు. సగం కొండ ఎక్కాక ఇంజిన్ చప్పుడు మారింది. ముందు టకటక, తర్వాత గట్టిగా కొట్టుకున్నట్టు. చిన్నాన్న ఆపేలోపే ఇంజిన్ దానంతటదే బిగుసుకుపోయింది. ఆయిల్ ప్రెషర్ మీటరు ఎప్పుడో పాడైపోయింది కాబట్టి ముందుగా చెప్పేది ఏదీ లేదు. ఆ రోజు బండికి ఉన్న ఒకే ఒక్క కాపలా ఆ పుల్ల. ఆ కాపలా నేను.

క్రాంకు షాఫ్ట్, బేరింగులు పోయాయి. మూడు నెలలు కిస్తీలు ఆగాయి. పిన్ని గాజులు తాకట్టుకెళ్ళాయి. చిన్నాన్న మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. డ్రైవరనేవాడు తన కళ్ళతో చూసుకోవాలి, తప్పు నాదే అని ఇంట్లో చెప్పుకున్నాడు. నేను ఇచ్చిన గుడ్డ ఆయన చేతిలోనే ఉంది. దానికి ఒక్క నూనె మరక కూడా లేదు. అది ఆయన చూశాడో లేదో నాకు ఈ రోజుకీ తెలీదు.

ఇప్పుడు నేను కంప్యూటర్ సైన్స్ సెకండియర్. మెకానికల్ వాళ్ళు రాయాల్సిన వ్యాసం నేను రాయడానికి కారణం ఇదే. ఇంజిన్‌కి నూనె ఎందుకంత ముఖ్యం అని వెతుక్కుంటూ పోతే నాకు ఒక మనిషి దొరికాడు. పేరు ఎలైజా మెకాయ్. స్కూల్లో ఇంగ్లీషు టీచరు నేర్పిన ఇడియమ్స్‌లో రియల్ మెకాయ్ అని ఒకటి ఉండేది. నకిలీ కాదు, అసలు సిసలైనది అని అర్థం. ఆ మెకాయ్ ఒక మనిషి పేరని, ఆయన పని ఇంజిన్లకి నూనె పొయ్యడమని నాకు అప్పుడు తెలీదు.

పారిపోయి వచ్చిన అమ్మానాన్నలు

ఎలైజా మెకాయ్ 1844 మే 2న కెనడాలోని ఒంటారియో ప్రాంతంలో, కోల్చెస్టర్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి జార్జ్, తల్లి మిల్‌డ్రెడ్. ఇద్దరూ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బానిసలుగా పుట్టినవాళ్ళు. అక్కడి నుంచి తప్పించుకుని, నల్లజాతి బానిసలని రహస్యంగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరవేస్తూ ఉత్తరానికి పంపే అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అనే మార్గంలో కెనడా చేరారు. దాని పేరు రైల్‌రోడ్డే గానీ అందులో పట్టాలూ లేవు, రైలూ లేదు. రాత్రిళ్ళు నడక, పగలు దాక్కోవడం, నమ్మకమైన మనుషులు. అంతే.

కెనడాకే ఎందుకంటే, అది అప్పుడు బ్రిటిష్ రాజ్యం. అక్కడ బానిసత్వం 1834లోనే రద్దయింది. అమెరికాలో అయితే ఉత్తరాది రాష్ట్రాలకి చేరినా భయమే. పారిపోయిన బానిసని పట్టుకుని యజమానికి అప్పగించాలని 1850లో ఇంకా గట్టి చట్టం కూడా చేశారు. అంటే మన ఎలైజా పుట్టుకతో స్వతంత్రుడు. కానీ నది ఇవతల పుట్టాడు కాబట్టి స్వతంత్రుడు. అదే అమ్మానాన్నలకి అవతల పుట్టి ఉంటే ఎవరి ఆస్తి లెక్కలోనో ఒక అంకె అయ్యేవాడు.

వాళ్ళకి పన్నెండు మంది పిల్లలు. అంత సంసారంలోనూ ఎలైజాకి మిషన్ల మీద ఉన్న పిచ్చిని అమ్మానాన్నలు గమనించారు. నల్లజాతి కుర్రాడికి అమెరికాలో ఇంజినీరింగు నేర్పే చోటు దొరకడం దాదాపు అసాధ్యం. అందుకని పదిహేనేళ్ళ వయసులో, ఓడెక్కించి, అట్లాంటిక్ సముద్రం దాటించి స్కాట్లండ్ పంపారు. ఎడిన్‌బరో నగరంలో అప్రెంటిస్‌గా చేరి, పని నేర్చుకుని, మెకానికల్ ఇంజినీరుగా సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు.

ఇక్కడ నేను కాసేపు ఆగాను. మా ఊరి నుంచి నన్ను ఈ కాలేజీకి పంపడానికే మా నాన్న ఎన్ని లెక్కలు వేశాడో నాకు తెలుసు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు కొడుకుని సముద్రం అవతలికి చదువుకి పంపడమంటే అది ఎంత మొండి ధైర్యమో ఊహించుకోండి.

సర్టిఫికెట్ ఉంది, ఉద్యోగం లేదు

ఎలైజా తిరిగి వచ్చేటప్పటికి కుటుంబం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇప్సిలాంటి అనే ఊళ్ళో ఉంది. 1861 నుంచి 1865 దాకా సాగిన అంతర్యుద్ధం ముగిసి, దేశంలో బానిసత్వం చట్టప్రకారం పోయింది. కాగితం మీద పోయింది. ఆఫీసుల్లో పోలేదు. ఎడిన్‌బరో సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని తిరిగితే ఇంజినీరు ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. కారణం ఒంటి రంగు. ఇంజిన్‌ని డిజైన్ చెయ్యడం నేర్చుకున్నవాడికి చివరికి మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్ అనే రైలు కంపెనీలో దొరికిన పని ఏంటో తెలుసా? ఇంజిన్ పొయ్యిలో బొగ్గు వెయ్యడం, ఇంజిన్‌కి నూనె పొయ్యడం.

ఫైర్‌మన్ అంటే వినడానికి బాగుంటుంది. పని మాత్రం నడుం విరిగేది. వేడి ముఖానికి కొడుతుంటే గంటల తరబడి పారతో బొగ్గు ఎత్తి పొయ్యాలి. బండి ఆగినప్పుడు పొడుగు మూతి ఉన్న నూనె డబ్బా పట్టుకుని దిగి, చక్రాల ఇరుసుల దగ్గర, కడ్డీల కీళ్ళ దగ్గర, జారే ప్రతిచోటా నూనె పొయ్యాలి. ఆవిరి సిలిండర్ల లోపల అయితే అప్పట్లో ఎక్కువగా వాడింది కరిగించిన పశువుల కొవ్వు. ఆ కొవ్వు పొయ్యడానికి కొన్నిసార్లు బండి నడుస్తుండగానే ఇంజిన్ పక్కనుండే సన్నటి పలక మీద నడుచుకుంటూ ముందుకెళ్ళాల్సి వచ్చేది. అందుకే అమెరికా రైల్వేలో ఫైర్‌మన్‌కి కొవ్వు ముంత అనే అర్థం వచ్చే ఎగతాళి పేరొకటి ఉండేది.

అసలు నూనె ఎందుకు

నాలాంటి సీఎస్ఈ వాళ్ళ కోసం ఇక్కడ కొంచెం థియరీ చెప్పాలి. ఇనుముని ఎంత నున్నగా చేసినా దగ్గర నుంచి చూస్తే అది కొండలూ గుట్టలూ. రెండు ఇనప ముక్కలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటే ఆ గుట్టలు ఒకదాన్నొకటి గీరుకుంటాయి, వేడెక్కుతాయి, చివరికి అతుక్కుపోతాయి. మధ్యలో నూనె ఉంటే ఇనుము ఇనుముని తాకదు. తిరిగే షాఫ్టు నూనెని తనతో పాటు సన్నటి సందులోకి లాక్కుపోతుంది. అక్కడ నూనెలో ఒత్తిడి పుట్టి షాఫ్టుని పైకి ఎత్తి పట్టుకుంటుంది. అంటే షాఫ్టు బేరింగు మీద కూర్చోదు, నూనె మీద తేలుతుంది. ఆ పొర మన తల వెంట్రుక కంటే చాలా పల్చన. మొత్తం లోడు, మొత్తం కొండ, మొత్తం కొబ్బరికాయలు ఆ పల్చటి పొర మీదే వెళ్తాయి.

ఈ సంగతి శాస్త్రానికి స్పష్టంగా తెలిసింది 1880ల్లో. ఇంగ్లండులో బీచాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసు బేరింగు మీద ప్రయోగాలు చేస్తూ, పైన ఉన్న రంధ్రానికి చెక్క బిరడా పెడితే నూనె దాన్ని పైకి నెట్టేస్తోందని గమనించాడు. లోపల అంత ఒత్తిడి పుడుతోందన్నమాట. దాన్ని 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ లెక్కల్లో చూపించాడు. మన ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రేనాల్డ్స్ నంబరు అని మెకానికల్ వాళ్ళు బట్టీ పడతారే, ఆయనే.

మెకాయ్ ఈ లెక్కలు రాకముందు మనిషి. ఆయన దగ్గర ఉన్నది ఎడిన్‌బరో చదువూ, చేతిలో నూనె డబ్బా. ఆయన కళ్ళకి కనిపించిన సమస్య వేరు. నూనె పొయ్యడం బండి ఆగినప్పుడు, అరగడం బండి నడిచేటప్పుడు. పోసిన కాసేపటికి నూనె ఎక్కువ, తర్వాత స్టేషను వచ్చేసరికి తక్కువ. అవసరం ఎప్పుడో అప్పుడు అందడం లేదు. పైగా నూనె కోసం ఆగిన ప్రతిసారీ రైలు ఆలస్యం.

1872 జులై 23

రైల్వే పని చేస్తూనే ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకుని ఈ సమస్య మీద పని చేశాడు. ఆయన ఆలోచన చెప్పడానికి తేలిక. ఇంజిన్ నడుస్తోందంటే లోపల ఆవిరి ఉంది. ఆవిరి ఉందంటే ఒత్తిడి ఉంది. ఆ ఒత్తిడి చేతే నూనె గిన్నె అడుగున ఉన్న వాల్వు తెరిపిస్తే? అప్పుడు ఇంజిన్ నడిచినంతసేపూ నూనె దిగుతుంది, ఆగితే ఆగిపోతుంది. మనిషి దిగక్కర్లేదు, బండి ఆగక్కర్లేదు. ఎంత అవసరమో అంత, అవసరమైనప్పుడు. మా భాషలో చెప్పాలంటే, అప్పటిదాకా మనిషి చేత్తో రన్ చేస్తున్న పనిని ఆయన బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ చేశాడు.

1872 జులై 23న అమెరికా పేటెంటు ఆఫీసు ఆవిరి ఇంజిన్ల లూబ్రికేటరు మీద ఆయనకి పేటెంటు ఇచ్చింది. నంబరు 129843. రైలింజిన్లకే కాదు, ఓడల ఇంజిన్లకీ ఫ్యాక్టరీల ఇంజిన్లకీ ఇలాంటి లూబ్రికేటర్లు పనికొచ్చాయి.

నిజం చెప్పాలంటే, తనంతట తాను నూనె అందించే పరికరం ప్రపంచంలో ఇదే మొదటిది కాదు. ఇంగ్లండులో 1860ల్లోనే కొన్ని రకాలు వచ్చాయి. ఇంటర్నెట్లో కొంతమంది ఆయన ఒక్కడే మొత్తం కనిపెట్టాడని రాస్తారు. అలా పెంచి చెప్పాల్సిన అవసరం ఆయనకి లేదు. ఒక్కసారి కనిపెట్టి వదిలేసే మనిషి కాదాయన. లోపం కనపడితే మళ్ళీ దిద్దాడు, ఇంకో పేటెంటు తీసుకున్నాడు. మళ్ళీ దిద్దాడు. మొత్తం జీవితంలో సుమారు 57 పేటెంట్లు, వాటిలో ఎక్కువ భాగం నూనె పనికి సంబంధించినవే. యాభై ఏళ్ళ పాటు ఒకే సమస్యకి వెర్షన్ల మీద వెర్షన్లు రాసిన మనిషిని ఇంకేమనాలి?

ఆ 1872 ఆయనకి మంచి సంవత్సరం మాత్రం కాదు. 1868లో ఆన్ ఎలిజబెత్ స్టూవర్ట్‌ని పెళ్ళి చేసుకున్నాడు. నాలుగేళ్ళకే ఆమె చనిపోయింది. పేటెంటు వచ్చిన ఏడాదే ఇల్లు ఖాళీ అయింది. మరుసటి ఏడాది మేరీ ఎలినోరా డెలానీని పెళ్ళాడాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళు ఇద్దరూ కలిసే ఉన్నారు.

పేరు లేని పరికరాలు

1882లో దంపతులు డెట్రాయిట్ నగరానికి మారారు. మేరీ అక్కడ నల్లజాతి మహిళల సంఘాల్లో పెద్ద నాయకురాలైంది. దిక్కులేని ముసలి ఆడవాళ్ళ కోసం ఒక ఆశ్రమం నిలబెట్టిన వాళ్ళలో ఆమె ఒకరు. ఎలైజా మాత్రం తన నూనె గిన్నెలతోనే ఉన్నాడు. మధ్యలో ఇంటి పనికొచ్చేవి కూడా చేశాడు. 1874లో మడత పెట్టుకునే ఇస్త్రీ బల్లకి, 1899లో పచ్చిక తడిపే స్ప్రింక్లరుకి పేటెంట్లు తీసుకున్నాడు.

ఇన్ని కనిపెట్టినవాడు కోటీశ్వరుడై ఉంటాడనుకుంటాం. కాలేదు. పరికరం తయారు చెయ్యడానికి ఫ్యాక్టరీ కావాలి, ఫ్యాక్టరీకి డబ్బు కావాలి. ఆ డబ్బు ఆయన దగ్గర లేదు. అందుకని చాలా పేటెంట్ల హక్కులు డబ్బున్నవాళ్ళకి అమ్మేశాడు, లేదా వాటా రాసిచ్చాడు. ఆ వచ్చిన సొమ్ముతో తర్వాతి పరికరం మీద పని చేశాడు. ఫలితంగా ఆయన లూబ్రికేటర్లు చాలావాటి మీద ఆయన పేరే లేదు. బండ్లు నడిచాయి, నూనె దిగింది, పేరు దిగలేదు.

ఈ సమయంలోనే, అంటే 1890ల్లో, మన వైపు మద్రాసు కలకత్తా లైను పడింది. ఆమదాలవలసలో ఉన్న మన శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆ లైను మీదదే. మన తాతముత్తాతలు మొదటిసారి పొగబండి చూసి నోరు తెరుచుకున్న రోజుల్లో, ఆ పొగబండ్ల లాంటివి ఆగకుండా నడవాలంటే నూనె ఎలా అందాలా అని భూమికి అవతల పక్క ఒక మనిషి కూర్చుని ఆలోచిస్తున్నాడు.

డెబ్బై ఏళ్ళు దాటాక ఆయన తన పనుల్లో చాలా గొప్పదిగా భావించిన పరికరం తయారు చేశాడు. అప్పటికి రైలింజిన్లు బాగా పెద్దవయ్యాయి. ఆవిరిని మామూలు కంటే ఎక్కువగా, పొడి ఆవిరి అయ్యేదాకా వేడి చేసి వాడటం మొదలైంది. ఆ వేడికి సిలిండర్లలో మామూలు నూనె నిలబడదు, మాడిపోతుంది. నూనెలో గ్రాఫైట్ పొడి కలిపితే నిలబడుతుంది. గ్రాఫైట్ అంటే మన పెన్సిల్ ములుకులో ఉండేదే. కానీ పొడి అడుగున పేరుకుపోయి సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. అలా మూసుకుపోకుండా నూనె, గ్రాఫైట్ రెండూ కలిపి అందించే లూబ్రికేటరు ఆయన చేశాడు. మనలో చాలామంది ఇరవై ఏళ్ళకే ఇంక నేర్చుకునేది ఏముందిలే అనుకుంటాం. ఆయన డెబ్బై దాటాక కొత్త సమస్య పట్టుకున్నాడు.

1920లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, చివరికి తన పేరుతోనే డెట్రాయిట్‌లో ఎలైజా మెకాయ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టాడు. మొదటి పేటెంటుకీ, పరికరం మీద తన పేరు చూసుకోవడానికీ మధ్య దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

చివరి రోజులు

రెండేళ్ళు తిరక్కుండానే 1922లో భార్యాభర్తలిద్దరికీ రోడ్డు ప్రమాదం జరిగింది. మోటారు బండి ప్రమాదం. మేరీ ఆ దెబ్బల నుంచి కోలుకోలేదు, 1923లో పోయింది. ఎలైజాకి శరీరం మనసు రెండూ దెబ్బతిన్నాయి. చేతిలో డబ్బు కూడా పెద్దగా మిగల్లేదు. చివరికి డెట్రాయిట్ దగ్గర ఎలోయీజ్ అనే ప్రభుత్వ ఆశ్రమ ఆసుపత్రిలో చేరాడు. 1929 అక్టోబర్ 10న అక్కడే చనిపోయాడు. ఎనభై అయిదేళ్ళు. ముసలివాళ్ళకి నీడ కోసం భార్య పాటుపడింది, భర్త ముసలితనం ఆశ్రమంలో గడిచింది. ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు.

పేరు తర్వాత తిరిగొచ్చింది. 2001లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆయన్ని చేర్చారు. 2012లో అమెరికా పేటెంటు ఆఫీసు రాజధాని ప్రాంతం బయట తన మొట్టమొదటి శాఖని డెట్రాయిట్‌లో తెరిచి, దానికి ఎలైజా మెకాయ్ పేరే పెట్టింది. ఉద్యోగానికి పనికిరాడన్న దేశంలో, ఇప్పుడు కొత్త ఆవిష్కరణ పట్టుకుని వచ్చేవాళ్ళు ఆయన పేరున్న గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నారు.

మరి రియల్ మెకాయ్ సంగతి? రైల్వే వాళ్ళు నకిలీ లూబ్రికేటర్లు వద్దు, అసలు మెకాయ్‌దే కావాలి అనేవారని, అలా ఆ మాట పుట్టిందని ఒక కథ. వినడానికి బాగుంది. కానీ ఆయనకి పేటెంటు రాకముందే స్కాట్లండులో దాదాపు ఇలాంటి మాటే, మెకే అనే పేరుతో వాడుకలో ఉంది. కాబట్టి ఆ మాట ఆయన వల్లే పుట్టిందని చెప్పలేం. నాకైతే అది పెద్ద లోటుగా అనిపించలేదు. మాట ఎవరిదైనా, ఆ అర్థానికి సరిపోయిన మనిషి మాత్రం ఆయనే.

ఇప్పటికీ మనిషే చూడాలి

మెకాయ్ చేసిన పనిని ఇప్పుడు మన బండ్లలో ఆయిల్ పంపు చేస్తుంది. లారీ ఇంజిన్ అడుగున చాంబరులో పది లీటర్ల పైనే నూనె ఉంటుంది. పంపు దాన్ని పీల్చి, ఫిల్టరు గుండా బేరింగులకీ పైన వాల్వులకీ పంపిస్తుంది. అక్కడి నుంచి జారి మళ్ళీ చాంబరులో పడుతుంది. ఎవరూ డబ్బా పట్టుకుని దిగక్కర్లేదు. కానీ గమనించండి. నూనెని అందించే పరికరాలు ఎన్ని వచ్చినా, గిన్నెలో నూనె ఉందా లేదా అన్నది ఎవరో ఒకరు చూడాల్సిందే. మెకాయ్ లూబ్రికేటరు కూడా తన గిన్నె తాను నింపుకోలేదు. మన పంపు కూడా అంతే. నూనె తగ్గిన బండి ఘాట్ రోడ్డు ఎక్కితే చాంబరులో నూనె ఒక పక్కకి వాలుతుంది. పంపు మూతికి నూనె బదులు గాలి అందుతుంది. ఆ పల్చటి పొర తెగిపోతుంది. సాలూరు కొండ మీద మాకు జరిగింది అదే. మెకానిక్ విప్పి చూపించినప్పుడు నాకు అర్థం కాలేదు. మెకాయ్ గురించి చదివాక అర్థమైంది.

అందుకని చిన్నాన్న దగ్గర ఇప్పుడు నేను నేర్చుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో లారీ లేకపోయినా కారుకీ ట్రాక్టరుకీ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి. వాలులో ఉంటే కొలత అబద్ధం చెబుతుంది. పొద్దున్న స్టార్ట్ చెయ్యకముందు చూడటం మంచిది. దారిలో చూడాలంటే ఇంజిన్ ఆపి కాసేపు ఆగాలి, పైకెక్కిన నూనె కిందికి దిగాలి. పుల్ల మొదటిసారి తీసినప్పుడు కనిపించేదాన్ని నమ్మకూడదు. తుడిచి, పూర్తిగా దింపి, మళ్ళీ తీసి చూడాలి. మరక రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువైతే కంపెనీ చెప్పిన గ్రేడు నూనే కొంచెం కొంచెంగా పోసి మళ్ళీ చూడాలి. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోకండి. పై గీత దాటితే తిరిగే క్రాంకు నూనెని చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి బేరింగుని కాపాడదు. డీజిల్ బండిలో నూనె నల్లగా ఉంటే కంగారు పడక్కర్లేదు, అది మామూలే. పాలలాగ తెల్లగా ఉంటే నీళ్ళు కలుస్తున్నాయని. పొయ్యకుండానే మట్టం పెరిగితే డీజిలో నీళ్ళో దిగుతున్నాయని. రోజూ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజిన్ నూనె తాగుతోంది. అప్పుడు పొగ నీలంగా వస్తుంది. అంటే ఆ పుల్ల నూనె ఎంతుందో ఒక్కటే చెప్పదు. చూడటం తెలిస్తే ఇంజిన్ ఆరోగ్యం మొత్తం చెబుతుంది.

మెకాయ్‌కి నూనె డబ్బా ఇచ్చినవాళ్ళు ఆయన్ని గౌరవించి ఇవ్వలేదు. అవమానం కష్టపడి పని చేస్తే వరమవుతుందని నేను అనను. ఆయనకి ఇంజినీరు ఉద్యోగమే ఇచ్చి ఉంటే ఇంకా ఎంత చేసేవాడో ఎవరికి తెలుసు. కానీ ఒకటి మాత్రం నిజం. ఆ పనిని చిన్నది అని ఆయన చూడకుండా వదల్లేదు. చేతిలో ఉన్న డబ్బా వైపే చూశాడు. నా చేతికి చిన్నాన్న గుడ్డ ఇచ్చినప్పుడు నేను ఫోన్ వైపు చూశాను. ఇంజినీరింగ్ సీటు వస్తుందన్న ధీమాలో, లారీకి ఆయిల్ చూడటం నా స్థాయి పని కాదని లోపల ఎక్కడో అనుకున్నాను. అదీ అసలు సంగతి.

లారీ మళ్ళీ రోడ్డెక్కింది. గాజులు ఇంకా ఇంటికి రాలేదు. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు తెల్లారుజామున చిన్నాన్న కంటే ముందు లేచి, టార్చి పట్టుకుని నేనే ఆయిల్ చూశాను. కింది గీతకి కొంచెం పైన ఉంది. అదే చెప్పాను. ఆయన తలూపి, నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, ఇంకోసారి తనే తుడిచి చూసుకున్నాడు. నాకు కోపం రాలేదు. చూసుకోవడం ఆయన హక్కు.

ఆ రోజు సాలూరులో నేను చూడలేదని మాత్రం ఇంకా చెప్పలేదు. మ్యాగజైన్ వచ్చాక ఇది ఆయనకి చదివి వినిపించాలనుకుంటున్నాను.